ఓటు హక్కునకు వయస్సెంత? – ఒక ధర్మవిచారణ

రెండు సంవత్సరముల క్రిందట మా గ్రామమున జరిగిన ఒక గ్రామసభ విషయముతో ఈ వ్యాసమును ప్రారంభించుచున్నాను. విషయము చిన్నదే. పంచాయతీ చేతిలో కొంత సొమ్ము మిగిలియుండెను. ఆ సొమ్ముతో ఉన్నత పాఠశాలలో బాలికల కొరకు కట్టిన మరుగుదొడ్లను బాగుచేయించి నీటి వసతి కల్పించుటయా, లేక ఊరి నడుమ పెండ్లిండ్లకును సభలకును పనికివచ్చునట్లు ఒక రేకుల మండపము వేయించుటయా అను ప్రశ్న సభ ముందునకు వచ్చెను. రెండు పనులకును చాలునంత ధనము లేదు. గంటసేపు మాటలు సాగినవి. చివరకు సర్పంచిగారు చేతులెత్తుడని కోరిరి. మండపమునకే ఎక్కువ చేతులు లేచినవి. అందులో నా చేయియు ఒకటి.

ఆ రాత్రి భోజనమునకు కూర్చుంటిని. పదవ తరగతి చదువుచు అప్పటికి 16 ఏండ్లు నిండిన మా మనుమరాలు వడ్డించుచు ఇట్లనెను: "తాతా, ఆ బడికి పోయేది మేము. చేతులెత్తింది మీరు. మీలో ఒక్కరికైనా ఆ గదులు ఎట్లున్నయో తెలుసా?" నాకు తెలియదు. నలుబది ఏండ్లు పాఠములు చెప్పినవాడను. అయినను ఆ గదుల తలుపులు విరిగినవని, పిల్లలు సాయంత్రము వరకు నీరు త్రాగక ఓర్చుకొందురని నాకు తెలియదు. ఆ మాట ఒప్పుకొనుటకు బదులు, "నీకు ఇంకను వయస్సు రాలేదమ్మా" అంటిని. ఆమె మారు పలుకలేదు. ఆమె అడిగిన ప్రశ్న ఒకటి, నేను చెప్పిన జవాబు వేరొకటి. ఆ తేడాను గూర్చి ఈ రెండు సంవత్సరములు ఆలోచించితిని. ఆ ఆలోచనయే ఈ వ్యాసము.

ఓటు హక్కునకు ప్రస్తుతము మన దేశమున ఉన్న 18 సంవత్సరముల పరిమితిని 16కు తగ్గించుట న్యాయమా, కాదా అనునది ఇచటి ప్రశ్న. అనేక దేశములలో ఈ చర్చ జరుగుచున్నది. కొన్ని దేశములు నిర్ణయము చేసికొనినవి కూడ. మన యింట మాత్రము ఈ మాట ఎత్తగానే పెద్దలు నవ్వుదురు. నవ్వుటకు ముందు, ఈ వయః పరిమితి అనునది ఎక్కడినుండి వచ్చినదో, దేనికి గుర్తుగా నిలిచినదో కొంచెము విచారింపవలసియున్నది.

స్వాతంత్ర్యమునకు పూర్వము 1935 నాటి భారత ప్రభుత్వ చట్టము క్రింద ఓటు కొలదిమందికే దక్కెను. భూమి కలవారు, పన్ను కట్టువారు, కొంత చదువు కలవారు మాత్రమే ఓటర్లు. కూలి చేసికొని బ్రదుకువానికి, అక్షరము రానివానికి ఆ గడప దాటు అవకాశము లేకుండెను. 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 326వ అధికరణముచే ఆ అడ్డుగోడలన్నిటిని ఒక్కసారిగా పడగొట్టెను. 21 సంవత్సరములు నిండిన ప్రతి పౌరునకును, స్త్రీ పురుష భేదము లేక, ధనిక దరిద్ర భేదము లేక, చదువుతో నిమిత్తము లేక, ఓటు వచ్చెను. 1951 జనాభా లెక్కల ప్రకారము నాడు దేశములో అక్షరాస్యులు నూటికి సుమారు 18 మంది. అయినను 1951–52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో సుమారు 17 కోట్ల 30 లక్షల మంది ఓటర్లుగా నమోదైరి. చదువలేనివారి కొరకే అభ్యర్థులకు గుర్తులు కేటాయింపబడినవి. పాశ్చాత్యులలో పలువురు దీనిని దుస్సాహసమని తలచిరి. ఆ సాహసమే మన ప్రజాస్వామ్యమునకు పునాది అయ్యెను.

పిమ్మట, రాజీవ్ గాంధీ ప్రధానమంత్రిగా ఉన్న కాలమున, 1988 డిసెంబరులో పార్లమెంటు ఉభయసభలు ఓటు వయస్సును 21 నుండి 18కి తగ్గించుటకు ఆమోదము తెలిపినవి. ఆ 61వ రాజ్యాంగ సవరణ 1989 మార్చి 28వ తేదీన అమలులోనికి వచ్చెను. ఆ దినములలో నేను ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడను. ఉపాధ్యాయుల గదిలో నేను గట్టిగా వాదించితిని: "పాఠము చివరనున్న ప్రశ్నకే జవాబు వ్రాయలేని కుర్రవాడు ప్రభుత్వమును ఎన్నుకొనునా?" అందరును నవ్విరి. మా చిత్రలేఖనోపాధ్యాయులు మాత్రము నవ్వక, "మన అటెండరునకు సంతకము చేయుట రాదు. అతనికి ఓటున్నది గదా! తీసివేయుదమా, మాస్టారూ?" అని అడిగిరి. ఆ అటెండరు అప్పుడు మాకు టీ గ్లాసులు అందించుచు అక్కడనే ఉండెను. నవ్వులాగిపోయెను. నేను తల వంచుకొంటిని. ఆనాడు నాకు సిగ్గు కలిగెనే గాని, ఆ ప్రశ్నలోని లోతు తెలియలేదు.

ఆ లోతు ఇది. మన రాజ్యాంగము ఓటరునకు విజ్ఞత పరీక్ష పెట్టలేదు. పెట్టకూడదని తెలిసియే పెట్టలేదు. బడి మెట్టు ఎక్కని కూలివాని ఓటును, విశ్వవిద్యాలయాచార్యుని ఓటును ఒకే డబ్బాలో వేయించి ఒకటే విలువ కట్టినది. ఇది అంగీకరించినవాడు పదునారేండ్ల బాలుని చూచి, "వీనికి విజ్ఞత చాలదు, కనుక ఓటు వలదు" అని అనుటకు వీలులేదు. విజ్ఞతయే కొలమానమైనచో ముందుగా పెద్దలను తూచవలయును. ఆ త్రాసు పట్టుకొని ఎవరు నిలుచుందురు? చరిత్రలో ఆ త్రాసు పట్టినవారందరును తమవారిని బరువుగా, పరులను తేలికగా తూచినవారే.

అయితే ఈ తర్కము రెండు వైపులను కోయును. "ఈ కాలపు పిల్లలు చురుకైనవారు, చేతిలోని ఫోనుతో ప్రపంచమంతయు తెలిసికొనుచున్నారు, కనుక వారికి ఓటు ఈయవలెను" అని వాదించువారున్నారు. ఇదియు ఆ త్రాసునే మరల పట్టుట. ఎక్కువ తెలిసినవారికి ఎక్కువ హక్కు అనునది మన రాజ్యాంగమార్గము కాదు. తెలివి ఓటునకు వెల కాదు. దాని లేమి శిక్షకు కారణమును కాదు.

మరి వయః పరిమితి దేనికి గుర్తు? చరిత్ర కొంత చెప్పును. ఇరువది యొకటి అను సంఖ్య మనకు ఇంగ్లండు న్యాయము నుండి వచ్చినది. మధ్యయుగములలో లోహకవచము ధరించి గుఱ్ఱమెక్కి యుద్ధము చేయుటకు తగిన బలము ఆ వయస్సునకు వచ్చునని భావించి దానిని ప్రాప్తవయస్సుగా నిర్ణయించిరని చరిత్రకారులు చెప్పుదురు. అమెరికాలో 1942లో నిర్బంధ సైనికసేవా వయస్సును 18కి తగ్గించిరి. ఓటు వయస్సు మాత్రము చాల రాష్ట్రములలో 21గానే ఉండెను. వియత్నాము యుద్ధకాలమున, "మరణించుటకు చాలిన వయస్సు ఓటునకు ఎందులకు చాలదు?" అను ప్రశ్న వీధులలో మ్రోగెను. 1971లో ఆ దేశ రాజ్యాంగమునకు 26వ సవరణ జరిగి 18 ఏండ్లవారికి ఓటు వచ్చెను. చూడుడు: కవచము మోయువానికి నాడు 21, తుపాకి మోయువానికి తరువాత 18. వయస్సు గీత ఎప్పుడును బరువు మోయుటతో ముడిపడియున్నదే గాని విజ్ఞతతో కాదు. ఎవరిపై రాజ్యము భారము మోపుచున్నదో వారి మాట రాజ్యము వినవలయును. ఇదియే ఆ గీత వెనుకనున్న ధర్మము.

ఈ ధర్మమును మాత్రమే పట్టుకొనినచో ఒక చిక్కు వచ్చును. మూడేండ్ల శిశువు కూడ రాజ్యభారము మోయుచున్నది. దానికి కొనిన బిస్కెట్టుపై పన్నున్నది. ఊరిలో వైద్యుడు లేనిచో ముందుగా బాధపడునది అదియే. కాని శిశువు చేతికి బ్యాలెట్టు కాగితమిచ్చుట హాస్యాస్పదము. కావున భారముతోపాటు రెండవది ఒకటి కావలయును: తాను ఏమి చేయుచున్నాడో తెలిసికొని, కారణములు విని, అవునని గాని కాదని గాని తనంతట తాను చెప్పగల శక్తి. ఇది విజ్ఞత కాదు. విజ్ఞతకు అంతు లేదు. ఈ శక్తికి ఒక కనీస మట్టమున్నది. ఆ మట్టమునకు చేరినవారందరును సమానులే.

పదునారేండ్లకు సామాన్యముగా ఆ మట్టము అందునా? మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ఇటీవలి కాలములో ఈ విషయమున ఒక చక్కని భేదమును చూపిరి. మానవుడు తీసికొను నిర్ణయములు రెండు విధములు. తీరికగా కూర్చుండి, విని, పోల్చి చూచి చేయునది ఒకటి. ఆవేశములో, తోటివారి ప్రోద్బలములో, క్షణములో చేయునది మరియొకటి. మొదటి దానికి కావలసిన శక్తి ఇంచుమించు పదునారవ ఏటికే పెద్దలకున్నంత ఏర్పడును. రెండవ దానిని అదుపులో ఉంచు నిగ్రహము మాత్రము ఇరువది దాటిన తరువాత గాని పూర్తిగా నిలకడకు రాదు. ఓటు మొదటి కోవకు చెందినది. ఎన్నిక ఫలానా తేదీన అని ముందుగా తెలియును. వారముల తరబడి వాదములు వినవచ్చును. చివరకు ఒంటరిగా, మరుగున నిలిచి గుర్తు పెట్టవలయును. ఆవేశమునకు అచట చోటు తక్కువ.

ఇప్పుడు మన చట్టములను ఈ వెలుగులో చూడుడు. 2015 నాటి బాలల న్యాయచట్టము ప్రకారము 16 నుండి 18 ఏండ్ల లోపువాడు ఘోరనేరము చేసినట్లు ఆరోపణ వచ్చినచో, ప్రాథమికముగా అతని మానసిక స్థితిని పరిశీలించిన పిదప, అతనిని పెద్దవానివలె విచారించుటకు వీలున్నది. నేరము ఎక్కువగా ఆవేశమునకు చెందినది. అనగా నిగ్రహము ఇంకను పక్వము కాని చోట మనము పదునారేండ్లవానిని పెద్దవాడని అనుచున్నాము. ఆలోచన పక్వమైన చోట పిల్లవాడని అనుచున్నాము. దండించునపుడు పెద్దవాడు, అడుగవలసినపుడు పసివాడు! పదునేడున్నర ఏండ్లు నిండినవాడు సైన్యములో చేరవచ్చును. పదునాలుగు నిండినవాడు అపాయకరము కాని పనులలో కూలికి పోవచ్చును. వీరందరి శ్రమ దేశమునకు కావలయును. వీరి మాట మాత్రము వలదు.

మన సంప్రదాయమున బాలుని మాటకు విలువ లేకపోలేదు. పాల్కురికి సోమనాథుడు తెనుగున రచించిన బసవపురాణము చదివినవారికి బాలబసవన్న కథ తెలియును. తండ్రి ఉపనయనము చేయబూనగా ఆ బాలుడు అంగీకరింపక, తన కారణములు తాను చెప్పెను. కల్యాణమునందలి అనుభవ మంటపములో చిన్నవయస్కుడైన చెన్నబసవన్న మాటను పెద్దలు ఆదరముతో వినిరని సంప్రదాయము చెప్పును. ఈ కథలను మనము పర్వదినములలో తన్మయులమై వినుచున్నాము. కాని ఇవి మహాపురుషుల కథలు. వీనిని చూపి చట్టము చేయరాదని ఒకరు అనవచ్చును. నిజమే. చట్టము సామాన్యుల కొరకు. అయినను ఆ కథలలో గమనింపవలసినది బాలుని గొప్పతనము మాత్రమే కాదు. అడుగుటకు అర్హత వయస్సు వలన గాక కారణము వలన వచ్చునని అంగీకరించిన పెద్దల గొప్పతనము కూడ. ఆ భాగము సామాన్యులమైన మనకు సాధ్యమే.

ఇక ఎదుటి వాదములలో బలమైన దానిని చూతము. "పదునారేండ్లవాడు తండ్రి చాటున ఉన్నవాడు. వాని తిండి, బట్ట, ఫీజు అన్నియు తండ్రివే. వానికి ఓటిచ్చిన తండ్రికి రెండవ ఓటు ఇచ్చినట్లే" అని అందురు. ఈ మాటలో సత్యము లేదని అనను. మన యిండ్ల సంగతి నాకు తెలియును. కాని ఇదే మాట పూర్వము స్త్రీలను గూర్చి అనిరి. భార్యకు ఓటిచ్చిన భర్తకు రెండోట్లని వాదించిరి. బ్రిటనులో 1918లో స్త్రీలకు ఓటిచ్చునపుడు సైతము, పురుషునకు 21, స్త్రీకి 30 అని గీత గీచిరి. 1928లో గాని ఆ భేదము పోలేదు. కూలివానికి ఓటిచ్చిన ఆసామికి పది ఓట్లని కూడ అనిరి. పరాధీనతకు మందు ఓటును నిరాకరించుట కాదు. ఓటును రహస్యముగా ఉంచుట.

దీనికి నేనే సాక్షిని. 1989 నవంబరు ఎన్నికలలో నేను ఒక గ్రామమున పోలింగు అధికారిగా పని చేసితిని. పదునెనిమిదేండ్లవారు లోక్‌సభకు మొదటిసారి ఓటు వేసిన సార్వత్రిక ఎన్నికలవి. వరుసలో జీతమునకున్న కుర్రవాడొకడు నిలిచియుండెను. అతని యజమాని తన మనుషులందరిని బండిలో తెచ్చి దింపి, బయట చెట్టు క్రింద కూర్చుండెను. నేను సిరా గుర్తు పెట్టుచుండగా ఆ కుర్రవాడు వంగి, మెల్లగా, "సారూ, నేను ఏ గుర్తుకు ఏసిన్నో పటేలుకు తెలుస్తదా?" అని అడిగెను. "తెలియదు నాయనా. నీకు తప్ప ఎవరికిని తెలియదు" అంటిని. అతడు మరల అడుగలేదు. మరుగులోనికి పోయి, తక్కినవారికంటె కొంచెము ఎక్కువసేపు నిలిచి, కాగితము మడచి డబ్బాలో వేసెను. అతడు ఎవరికి వేసెనో నాకు తెలియదు, తెలియకపోవుటయే న్యాయము. కాని ఆ ప్రశ్న అడిగినవాడు ఎవరి రెండవ ఓటును కాడని మాత్రము నాకు తెలిసెను. ఒక్క సంవత్సరము ముందు ఈ కుర్రవానికే ఓటు వలదని నేను ఉపాధ్యాయుల గదిలో వాదించియుంటిని.

రెండవ వాదము: "నేడు పదునారు, రేపు పదునాలుగు, ఇక అంతెక్కడ?" గీత ఎక్కడ గీచినను, దానికి ఒక దినము ఇవతల ఉన్నవానికి అన్యాయము తోచును. పొలము గట్టు వంటిది ఇది. గట్టు ఒక జానెడు అటో ఇటో వేయవచ్చును గాని, గట్టే అక్కరలేదనలేము. పదునారు వద్ద గట్టు వేయుటకు కారణములున్నవి. పైన చెప్పిన ఆలోచనాశక్తి ఒకటి. మరియొకటి మన పిల్లల జీవనక్రమము. పదవ తరగతి ముగియు వరకు వారు ఇంట నుందురు. సాంఘికశాస్త్రములో పంచాయతీని గూర్చి, పార్లమెంటును గూర్చి చదువుచుందురు. పదునెనిమిది నాటికి చాలమంది పట్టణములకు, హాస్టళ్లకు, పనులకు పోవుదురు. మొదటి ఓటు వచ్చు వేళకు ఊరిలో ఉండరు. మొదటి ఓటు తప్పినవానికి రెండవ ఓటు మీద ఆసక్తి తగ్గును. ఇంటనుండి, తెలిసిన ఊరిలో, తెలిసిన సమస్యపై మొదటి ఓటు వేసినచో అది అలవాటుగా నిలుచుటకు వీలున్నది.

మూడవ వాదమే నన్ను ఎక్కువగా కలవరపెట్టినది. రాజకీయ పక్షములు బడులలో దూరును; జెండాలు తరగతిగదిలోనికి వచ్చును; చదువు చెడును. ఉపాధ్యాయునిగా ఈ భయము నాకును కలదు. దీనికి జవాబు మాటలతో కాదు, కట్టడితో చెప్పవలసియున్నది. బడి ఆవరణలో ప్రచారమును కఠినముగా నిషేధింపవలెను. అంతకంటె ముఖ్యముగా, చిన్న చోట ప్రారంభింపవలెను.

ఇతర దేశముల అనుభవము దీనినే సూచించుచున్నది. బ్రెజిలు 1988 రాజ్యాంగములో 16 ఏండ్లవారికి ఓటిచ్చెను. అయితే పదునెనిమిది వరకు వేయుట వారి ఇష్టము, ఆ పిమ్మట విధి. జర్మనీలో లోయర్ సాక్సనీ రాష్ట్రము 1990ల నడుమనే స్థానిక ఎన్నికలకు పరిమితిని 16 చేసెను. తరువాత పలు రాష్ట్రములు అనుసరించినవి. ఆస్ట్రియా 2007లో జాతీయ ఎన్నికలకే 16 చేసెను. అచట జరిగిన పరిశీలనలలో, ఆ చిన్న ఓటర్లు తమ అభిప్రాయములకు అనుగుణమైన పక్షమునే ఎన్నుకొనుటలో పెద్దలకు తీసిపోలేదని తేలినది. స్కాట్లండులో 2014 నాటి స్వాతంత్ర్య ప్రజాభిప్రాయ సేకరణలో 16, 17 ఏండ్లవారు ఓటు వేసిరి. ఆ మరుసటి యేడు అచటి పార్లమెంటు ఆ హక్కును తన ఎన్నికలకును స్థానిక ఎన్నికలకును స్థిరపరచెను. ఈ దేశములలో ఎక్కడను ప్రభుత్వములు పిల్లల చేతిలో కూలిపోలేదు.

కావున నా అభిప్రాయము ఇది. లోక్‌సభకు, శాసనసభకు ఉన్న 18 పరిమితిని రాజ్యాంగము చెప్పుచున్నది. దానిని ఇప్పుడే కదిలించుమని నేను అనను. కాని 326వ అధికరణము ఆ రెండింటిని గూర్చియే మాటలాడును. పంచాయతీ ఎన్నికల విషయమున చట్టము చేయు అధికారము 243కె అధికరణము క్రింద రాష్ట్ర శాసనసభకు కలదు. నేడు శాసనసభ ఓటర్ల జాబితాయే పంచాయతీ జాబితాకు ఆధారముగా ఉన్నది. దానికి ఊరిలో 16 నిండినవారి పేర్లను చేర్చుటతో ప్రారంభింపవచ్చును. పోటీ చేయుటకు ఉన్న 21 సంవత్సరముల పరిమితి అట్లే ఉండవచ్చును. అడుగుట వేరు, అధికారము చేపట్టుట వేరు. బడి, బస్సు, నీరు, ఆటస్థలము, వీధిదీపము – పంచాయతీ ముందునకు వచ్చు విషయములలో పదునారేండ్లవానికి తెలియనిది ఏది? కొన్నిటిలో మనకంటె వానికే ఎక్కువ తెలియును.

ఒక్క మాట దాచకుండ చెప్పవలెను. పంచాయతీ ఎన్నిక రహస్యమే. గ్రామసభ మాత్రము బహిరంగము. జాబితాలో పేరున్న ప్రతివారును గ్రామసభలో సభ్యులు. ఆనాడు మా మనుమరాలి పేరు జాబితాలో ఉన్నచో, మండపమునకు నేను చేయి ఎత్తినపుడు, నా యెదుటనే ఆమె మరుగుదొడ్లకు చేయి ఎత్తియుండెడిది. నలుగురిలో ఆ దృశ్యమును నేను సహించియుందునా? నిజము చెప్పవలెనన్న, కష్టముగా ఉండెడిది. బహుశః ఇంటికి వచ్చిన తరువాత కోపపడియుందును. పిల్లలకు పక్వత రాలేదని మనము అనుచుండుటలో, వారి పక్వతను చూచుటకు మనకు పక్వత చాలకపోవుట ఎంత కలదో ప్రతి పెద్దయు తన్ను తాను ప్రశ్నించుకొనవలసియున్నది.

మా మనుమరాలికి ఇప్పుడు 18 నిండినవి. ఓటర్ల జాబితాలో పేరు చేరినది, కార్డు వచ్చినది. ఆమె తన పేరును రెండు మారులు చదువుకొని పెట్టెలో పెట్టుకొనెను. కాని ఆమె ఆ బడిని విడిచి రెండేండ్లయినది. ఏ విషయమున ఆమె మాట కావలసియుండెనో ఆ విషయము దాటిపోయినది. పెండ్లి మండపము నిలిచియున్నది. మొన్న మా బంధువుల ఇంటి పెండ్లి అందులోనే జరిగినది, నేనును భోజనము చేసితిని. బడిలోని ఆ తలుపులు విరిగియే యున్నవి. ఇప్పుడు అక్కడ చదువుచున్న పిల్లలకు ఓటు లేదు.

నేను రాబోవు గ్రామసభలో ఆ తలుపుల మాట ఎత్తుటకు నిశ్చయించుకొంటిని. దానికి ముందు ఆ బడికి పోయి, ఆ పిల్లలను అడిగి, వారు చెప్పినది వ్రాసికొని వత్తును. వారికి ఓటు వచ్చు వరకు ఇంతకంటె చేయగలిగినది నాకు లేదు. చట్టము మారునంత వరకు మీ మీ గ్రామములలో మీరును అడుగుడు. అడిగి వినిన పిమ్మట, వీరికి ఓటు తగదని మీకు తోచినచో, అప్పుడు నాకు వ్రాయుడు.